ఆరో నెల షుగర్ పరీక్ష: ఆ గుబులు ఎక్కడిది?

గర్భిణికి 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఆరు ఏడు నెలల్లో, గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష రాస్తారు. అప్పటికే ఎన్నో రక్తపరీక్షలు, స్కానింగులు చేయించుకున్న మనిషి కూడా ఈ ఒక్కదానికి మాత్రం కంగారు పడుతుంది. ఎందుకా అని నేను చాలాసార్లు ఆలోచించాను. రక్తం తక్కువగా ఉందని తేలితే చుట్టూ ఉన్నవాళ్లు "అయ్యో" అంటారు. థైరాయిడ్ ఉందని తేలితే మాత్ర వేసుకోమంటారు. షుగర్ అని తేలితే మాత్రం మొదట వచ్చే ప్రశ్న "ఏం తిన్నావు?" అనే. ఒంట్లో ఏం జరుగుతోందో చూడాల్సిన పరీక్ష కాస్తా, ఆమె బిడ్డను సరిగ్గా చూసుకుంటోందా లేదా అని నిగ్గుతేల్చే పరీక్షగా మారిపోతుంది.

టెన్షన్ పడొద్దని చెప్పడం తేలిక. ఆ మాటతో ఎవరికీ టెన్షన్ తగ్గినట్టు నేను చూడలేదు. ఈ గుబులు నిజానికి ఒకటి కాదు, నాలుగైదు భయాలు ఒకదానికొకటి చుట్టుకున్న చిక్కుముడి. వాటిని విడదీస్తే కొన్ని అక్కడికక్కడే రాలిపోతాయి. మిగిలినవాటికి చేయాల్సిన పని కనబడుతుంది.

మాయ చేసే పని

అన్నిటికంటే లోతుగా గుచ్చుకునేది "నేనేం తప్పు చేశాను" అన్నది. కాబట్టి ముందు ఒంట్లో జరిగేది చూద్దాం.

కడుపులో బిడ్డకు ముఖ్యమైన ఆహారం గ్లూకోజ్. తల్లి రక్తంలోంచి మాయ (ప్లాసెంటా) గుండా అది బిడ్డకు చేరుతుంది. తిన్నదంతా తల్లి కండరాలే వెంటనే లాగేసుకుంటే బిడ్డకు మిగిలేది తక్కువ. అందుకని మాయ కొన్ని హార్మోన్లు విడుదల చేస్తుంది. ప్లాసెంటల్ లాక్టోజెన్, ప్లాసెంటల్ గ్రోత్ హార్మోన్ లాంటివి తల్లి ఒంట్లో, గ్లూకోజ్‌ని కణాల్లోకి పంపే ఇన్సులిన్ పట్టును సడలిస్తాయి. గ్లూకోజ్ రక్తంలో మరికాసేపు నిలుస్తుంది, బిడ్డకు అందుతుంది. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. ఇది ప్రతి గర్భిణిలోనూ జరిగేదే. మాయ పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. దాన్ని అందుకోవడానికి తల్లి క్లోమం (పాంక్రియాస్) మామూలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఎక్కువమందిలో ఆ లెక్క సరిపోతుంది. కొందరిలో క్లోమం అంత వేగం అందుకోలేకపోతుంది. ఆ కొరతే గర్భకాలపు మధుమేహం.

పరీక్ష 24 వారాల తర్వాతే ఎందుకన్నదీ ఇక్కడే తెలుస్తుంది. ముందే చేస్తే మాయ ప్రభావం ఇంకా పూర్తిగా కనబడదు. మరీ ఆలస్యం చేస్తే సరిదిద్దడానికి వారాలు మిగలవు. ముందునుంచే షుగర్ ఉండే అవకాశం ఎక్కువున్నవాళ్లకు మాత్రం మొదటి నెలల్లోనే ఒకసారి చూస్తారు.

తిండికి, బరువుకు, నడకకు దీనితో సంబంధమే లేదని చెప్పను. బరువు ఎక్కువుంటే అవకాశం పెరుగుతుంది. కానీ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో షుగర్ ఉండటం, పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా), పెరిగిన వయసు, ముందు కాన్పులో షుగర్ రావడం, 4 కిలోలు దాటిన బిడ్డను కని ఉండటం, ఇవన్నీ కూడా కారణాల్లో ఉన్నాయి. వీటిలో ఏది ఆమె చేతిలో ఉంది? వీటిలో ఒక్కటీ లేని సన్నటి మనిషికీ షుగర్ వస్తుంది, అందుకే చాలాచోట్ల గర్భిణులందరికీ ఈ పరీక్ష చేస్తారు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 అంచనా ప్రకారం ప్రపంచంలో పుట్టే ప్రతి ఆరుగురు బిడ్డల్లో సుమారుగా ఒకరి విషయంలో, తల్లికి గర్భంలో షుగర్ ఎక్కువుంది. ఆ తల్లులందరూ తిండి అదుపు లేనివాళ్లా? మొన్న తిన్న మిఠాయి వల్ల ఈ జబ్బు రాదు. ఆ ఒక్క మాట నమ్మగలిగితే సగం భారం దిగుతుంది.

గీత ఎక్కడ గీశారు?

రెండో భయం అంకెల గురించి. రిపోర్టులో ఒక అంకె, పక్కన బ్రాకెట్లో ఇంకో అంకె. రెండు పాయింట్లు దాటితే చాలు, లోకం మారిపోయినట్టు అనిపిస్తుంది. ఆ గీతలు ఎలా వచ్చాయో తెలిస్తే వాటిని చూసే చూపు మారుతుంది. అందుకే ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్తాను.

1964లో బోస్టన్‌లో ఓసల్లివన్, మహాన్ అనే ఇద్దరు పరిశోధకులు 752 మంది గర్భిణులకు 100 గ్రాముల గ్లూకోజ్ తాగించి మూడు గంటలపాటు రక్తం పరీక్షించి, మొదటి ప్రమాణాలు తయారుచేశారు. అప్పట్లో వాళ్లు వెతికింది బిడ్డకు ఏమవుతుందని కాదు. ఈ తల్లుల్లో ఎవరికి ముందుముందు షుగర్ జబ్బు వస్తుందన్నదే వాళ్ల ప్రశ్న. రక్తం కొలిచే పద్ధతులు మారాక, 1982లో కార్పెంటర్, కౌస్టన్ ఆ అంకెల్ని సవరించారు. పరగడుపున 95, గంటకు 180, రెండు గంటలకు 155, మూడు గంటలకు 140 మిల్లీగ్రాములు (డెసిలీటరుకు). వీటిలో రెండు దాటితేనే షుగర్ అంటారు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఇదే లెక్క.

మరి బిడ్డ సంగతి? దానికోసం తొమ్మిది దేశాల్లో సుమారు 25 వేలమంది గర్భిణులతో హాపో అనే పెద్ద అధ్యయనం చేశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఏదో ఒక అంకె దగ్గర ప్రమాదం హఠాత్తుగా మొదలవుతుందని తేలుతుందేమోనని చూస్తే, అలాంటి చోటేదీ కనబడలేదు. తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్ అవకాశం, ఇంకొన్ని ఇబ్బందులు కొద్దికొద్దిగా పెరుగుతూ పోయాయి. కొండ అంచులా కాదు, ఏటవాలు దారిలా. అయినా డాక్టర్లకు ఎక్కడో ఒకచోట గీత కావాలి కదా. అందుకని 2010లో నిపుణులు కూర్చుని, సగటు మీద ప్రమాదం 1.75 రెట్లయ్యే చోట గీత పెట్టారు. 75 గ్రాముల గ్లూకోజ్‌తో చేసే పరీక్షలో పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. వీటిలో ఒక్కటి అందుకున్నా చాలు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని తీసుకుంది. బ్రిటన్‌లో మాత్రం ఈ గీత వేరే చోటుంది. అక్కడ పరగడుపున 5.6, రెండు గంటలకు 7.8 మిల్లీమోల్స్ చూస్తారు. మన లెక్కలో సుమారు 101, 140. ఇవికాక పరగడుపు అక్కర్లేకుండా 75 గ్రాములు తాగించి, రెండు గంటలకు 140 దాటిందా అని చూసే పద్ధతీ వాడుకలో ఉంది.

ఇప్పుడు పరగడుపున 94 వచ్చిన ఒక గర్భిణిని ఊహించుకోండి, మిగతావన్నీ మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆమెకు షుగర్ ఉంది. బ్రిటన్ లెక్కలో లేదు. రెండు అంకెలు దాటాలనే పాత లెక్కలోనూ లేదు. మనిషి అదే, రక్తం అదే.

దీన్నిబట్టి పరీక్షే దండగ అనుకుంటే పొరపాటు. ఏటవాలులో మనం ఎంత ఎత్తున ఉన్నామో చెప్పేది ఆ పరీక్షే. రెండు గంటలకు 154 వచ్చినామె గోతిలో పడిపోనూ లేదు, 151 వచ్చినామె ఏ జాగ్రత్తా అక్కర్లేని చోటికి చేరనూ లేదు. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. అమెరికాలో దాదాపు 24 వేలమందిపై చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే విడత పరీక్షతో 16.5 శాతం మందికి, రెండు విడతల పద్ధతిలో (ముందు చిన్న పరీక్ష, అందులో ఎక్కువొస్తేనే మూడు గంటల పరీక్ష) 8.5 శాతం మందికి షుగర్ అని తేల్చారు. తల్లీబిడ్డల ముఖ్యమైన ఫలితాల్లో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నిపుణులు ఇంకా వాదించుకుంటున్న చోట గర్భిణి రాత్రంతా మేలుకుని ఒక్కో దేశం పట్టికతో తన అంకె పోల్చుకోవడం వల్ల నిద్ర చెడటం తప్ప ఇంకేం రాదు. "మీరు ఏ పద్ధతి పాటిస్తారు, ఆ పద్ధతిలో నా అంకెకు అర్థమేంటి" అని డాక్టరును సూటిగా అడగడం మంచిది.

అంకె కూడా రాతిమీద చెక్కినది కాదు. ఒకే మనిషికి వారం తేడాతో చేస్తే వేరే ఫలితం రావచ్చు. తీసిన రక్తాన్ని వెంటనే వేరుచేయకుండా ట్యూబులో అలాగే ఉంచేస్తే, అందులోని కణాలే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్‌ని ఖర్చుచేస్తాయి. అయినా రోగ నిర్ధారణకు సాధారణంగా వేలిచివర గుచ్చి చూసే మీటరును కాకుండా, నరం నుంచి తీసి ల్యాబులో చూసిన రక్తాన్నే నమ్ముతారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. గర్భంలో ఎర్రరక్తకణాలు త్వరత్వరగా మారిపోతుంటాయి కాబట్టి ఆ అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. ఈ పరీక్షకు అది బదులు కాదు.

రెండు పరీక్షల మధ్య రోజులు

రెండు విడతల పద్ధతిలో మొదట 50 గ్రాముల గ్లూకోజ్ తాగించి గంటకు ఒక్కసారి రక్తం తీస్తారు. పరగడుపు అక్కర్లేదు. 140 దాటితే, కొన్నిచోట్ల 130 లేదా 135 దాటినా, మూడు గంటల పరీక్షకు రమ్మంటారు. ఈ మొదటి పరీక్ష వల కన్నాలు కావాలనే చిన్నవిగా పెట్టారు, ఎవరూ తప్పిపోకూడదని. అందులో చిక్కినవాళ్లలో ఎక్కువమందికి రెండో పరీక్షలో మామూలుగానే వస్తుంది.

ఇది చెప్పకుండా ఫోన్లో "షుగర్ ఎక్కువొచ్చింది, మళ్లీ రండి" అని పెట్టేస్తే ఏమవుతుందో నేను మా చెల్లెలి దగ్గర చూశాను. మొదటి పరీక్షలో 148. రెండో పరీక్షకు నాలుగు రోజులు గడువు. ఆ నాలుగు రోజులూ తను సగం తిండి మానేసింది. రెండో పరీక్షకు తగ్గి రావాలని. అది మంచికి బదులు చెడు చేసే పని. పరీక్షకు ముందు మూడు రోజులు పిండిపదార్థాలు మరీ తగ్గిస్తే ఒక్కసారిగా వచ్చిన గ్లూకోజ్‌ని ఒళ్లు అందుకోలేదు, లేని షుగర్ ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. ఎప్పటిలా తినమని ఎవరో ఒకరు ఆ రోజే చెప్పి ఉండాల్సింది. "పాజిటివ్" అనే మాటను కూడా అక్కడ వాడకపోతే బాగుంటుందని నా అభిప్రాయం. ఇంకోసారి చూడాలి, అంతే.

ఆ ఉదయం

పరీక్ష రోజు ఇబ్బంది భయమంత పెద్దది కాదు, కానీ ఇబ్బందే. 75 లేదా 100 గ్రాముల పరీక్షకైతే కనీసం 8 గంటలు పరగడుపున ఉండాలి. మంచినీళ్లు తాగొచ్చు. ఉదయం మొదటి టైమ్ తీసుకుంటే ఆకలితో ఉండే సమయం నిద్రలోనే చాలావరకు గడిచిపోతుంది. గ్లూకోజ్ నీళ్లు వెగటుగా తియ్యగా ఉంటాయి, ఐదు నిమిషాల్లోపు తాగేయాలి. చల్లగా ఇవ్వమని అడగొచ్చు. కొందరికి వికారం వస్తుంది, తల తిరుగుతుంది. వాంతి అయితే వెంటనే చెప్పాలి, అప్పుడు పరీక్ష ఆపి మరో రోజు పెడతారు. అది ఆమె ఓడిపోవడం కాదు. ఆ గంటల్లో కూర్చునే ఉండాలి, అటూఇటూ తిరిగితే కండరాలు గ్లూకోజ్ వాడేసి లెక్క మారుతుంది. తోడు ఒక మనిషి, అయిపోగానే తినడానికి ఏదైనా ఉంటే మేలు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నా, గతంలో బరువు తగ్గే ఆపరేషన్ అయినా ముందే చెప్పండి. ఆపరేషన్ అయినవాళ్లకు ఈ పరీక్ష పడదు, వేరే దారి చూస్తారు.

అంత తీపి ఒక్కసారిగా తాగితే బిడ్డకు దెబ్బ తగులుతుందేమో అని అడుగుతారు. ఒక్క గ్లాసుతో అలా జరగదు. టెన్షన్ వల్లే షుగర్ పెరిగి రిపోర్టు చెడిపోతుందేమో అన్నది ఇంకో భయం. ఒత్తిడి హార్మోన్లు గ్లూకోజ్‌ని కొంత పెంచుతాయన్నది నిజమే. కానీ ఈ జబ్బుకు మూలం మాయ హార్మోన్లకూ క్లోమానికీ మధ్య లెక్క, ఆ ఉదయం పడిన కంగారు కాదు. భయపడినందుకు మళ్లీ భయపడక్కర్లేదు.

షుగర్ అని తేలితే బిడ్డకేమవుతుంది?

అసలు గుండెల్లో ఉండే ప్రశ్న ఇదే. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పీడర్సన్ 1950లలో చెప్పిన వివరణ ఇప్పటికీ నిలిచి ఉంది. తల్లి గ్లూకోజ్ మాయ దాటుతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. ఎక్కువ గ్లూకోజ్ వస్తే బిడ్డ క్లోమం తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారుచేస్తుంది. ఇన్సులిన్ పెరుగుదలను కూడా పెంచుతుంది కాబట్టి బిడ్డకు కొవ్వు చేరి బరువెక్కుతుంది. బిడ్డ మరీ పెద్దదైతే కాన్పులో భుజం ఇరుక్కోవచ్చు, సిజేరియన్ అవసరం పడొచ్చు. బొడ్డుతాడు కోయగానే తల్లి గ్లూకోజ్ ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఇంకా జోరుగానే ఉంటుంది. అందుకే పుట్టిన తొలి గంటల్లో బిడ్డ షుగర్ పడిపోకుండా చూస్తుంటారు, త్వరగా పాలు పట్టమంటారు. తల్లికి బీపీ పెరిగే అవకాశం కూడా కొంత ఎక్కువ.

ఇవి నిజమైన ప్రమాదాలు, దాచకూడదు. అదే సమయంలో లేని భయాలు కూడా తీసేయాలి. బిడ్డ షుగర్ జబ్బుతో పుట్టదు. అవయవాల లోపాలు సాధారణంగా మొదటి రెండు నెలల్లో, అవయవాలు ఏర్పడే దశలో వస్తాయి. గర్భానికి ముందే షుగర్ ఉండి అదుపులో లేనివాళ్ల విషయంలో ఆ ఆందోళన ఉంటుంది. ఆరో నెలలో మొదలైన షుగర్ అప్పటికే ఏర్పడిన గుండెను, వెన్నును మార్చదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని లేనిపోని భయం మోస్తారు.

చికిత్స పని చేస్తుంది. ఈ విషయం మీద మంచి ఆధారాలున్నాయి. ఆస్ట్రేలియాలో 1000 మందితో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స తీసుకున్నవాళ్ల బిడ్డల్లో తీవ్రమైన సమస్యలు 1 శాతం, మామూలు సంరక్షణలో ఉన్నవాళ్లలో 4 శాతం. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అందులోని ఇంకో అంకె. కాన్పైన మూడు నెలలకు తల్లుల మానసిక స్థితి చూస్తే, డిప్రెషన్ లక్షణాలు చికిత్స గుంపులో 8 శాతం మందికి, రెండో గుంపులో 17 శాతం మందికి ఉన్నాయి. షుగర్ ఉందని చెప్పి, రోజూ రక్తం చూసుకోమంటే ఆడవాళ్లు కుంగిపోతారనుకుంటాం. పక్కన మనుషులు ఉండి, చేయాల్సింది చెప్పి, కనిపెట్టుకుని ఉంటే అలా జరగలేదు. ఆస్ట్రేలియాలోనే చేసిన ఇంకో చిన్న అధ్యయనంలోనూ, జబ్బు తేలిన కొత్తలో ఎక్కువగా ఉన్న ఆందోళన 36వ వారానికి మిగతా గర్భిణులతో సమానమైపోయింది. మొదటి రోజులే కష్టం అని ఎవరైనా ముందే చెబితే ఆ రోజులు గడుస్తాయి.

ఆ చికిత్స చాలావరకు ఆహారం సర్దుకోవడం, తిన్నాక నడవడమే. 70 నుంచి 85 శాతం మందికి ఇవే సరిపోతాయి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉంచాలన్నది సాధారణంగా పెట్టే లక్ష్యం. ఒక్క పూట దాటిందని బెంబేలెత్తక్కర్లేదు, డాక్టర్లు చూసేది వారం మొత్తం తీరును. అంకె తగ్గించాలనే పట్టుదలతో కడుపు మాడ్చుకోవడం మాత్రం వద్దు. బిడ్డ పెరగాల్సిన రోజులవి.

మిగిలినవాళ్లకు మందు, ఎక్కువగా ఇన్సులిన్, అవసరమవుతుంది. "ఇన్సులిన్ దాకా వచ్చిందా" అనే మాట వింటే నాకు బాధేస్తుంది. ఇన్సులిన్ అంటే చివరి మెట్టు కాదు. తల్లి క్లోమం అందించలేని ఆ కొద్దిపాటిని బయటినుంచి ఇవ్వడమే, పైగా అది మాయ దాటి బిడ్డను చేరదు. ముఖ్యంగా పరగడుపు షుగర్ తిండితో అంత తేలిగ్గా లొంగదు, ఎందుకంటే రాత్రంతా కాలేయం వదిలే గ్లూకోజ్ అది. ఎంత జాగ్రత్తగా తిన్నా ఉదయం అంకె తగ్గకపోతే అది ఆమె క్రమశిక్షణ లోపం కాదు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆమె ప్లేటు వైపు చూడటం మానండి. వీలైతే ఇంట్లో అందరూ ఆమె తినేదే తినండి, ఆమెతో కలిసి నడవండి. అంకె ఎంతొచ్చింది అని అడిగే ముందు ఎలా ఉన్నావు అని అడగండి.

గుబులే పెద్దదైతే

పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలే. కానీ వారాల తరబడి నిద్ర లేకపోయినా, భయంతో తిండి మానేస్తున్నా, రోజుకు పదిహేనుసార్లు వేలు గుచ్చుకోవాలనిపిస్తున్నా, ఊపిరాడనట్టు గుండెదడ వస్తున్నా, దేనిమీదా ఆశ లేనట్టు ఉన్నా అది వేరే సంగతి. దాన్ని కూడా బీపీ లాగే డాక్టరుకు చెప్పాలి. గర్భంలో వచ్చే ఆందోళనకు, డిప్రెషన్‌కు చికిత్స ఉంది. షుగర్ కోసం వచ్చి ఇది చెబితే ఏమనుకుంటారో అని చాలామంది నోరు మెదపరు. చెప్పండి. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అప్పుడే వెళ్లండి.

కాన్పై మాయ బయటికి రాగానే దాని హార్మోన్లూ పోతాయి. చాలామందికి షుగర్ రోజుల్లోనే మామూలుకు వస్తుంది. అక్కడితో అందరూ ఊపిరి పీల్చుకుని ఆ ఫైలు మూసేస్తారు. నాకైతే అసలు భయపడాల్సింది ఇక్కడే అనిపిస్తుంది, ఎందుకంటే గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం రానివాళ్లకన్నా ఏడు రెట్లు, అంతకుమించీ ఉంటుంది. 1964లో ఆ బోస్టన్ పరిశోధకులు వెతికింది దీన్నే. కాన్పైన 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి, అది మామూలుగా వచ్చినా ఒకటి నుంచి మూడేళ్లకోసారి చూపించుకుంటూ ఉండాలి. పసిబిడ్డతో, నిద్రలేని రాత్రులతో ఉన్న తల్లికి ఆ తేదీ గుర్తుండదు. టీకాల తేదీలు రాసుకునే కాగితం మీదే దాన్నీ రాసిపెట్టండి. ఆ రోజు బిడ్డను ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు వెంట వెళ్లండి.